గూడు చెదిరిన ఉడుత పిల్లలు దొరికితే: ముందు వేడి, తర్వాత నీరు, ఆ తర్వాతే పాలు



మామిడి కోత అయిపోయాక కొమ్మలు కత్తిరించేటప్పుడు, కొబ్బరి చెట్టు మొవ్వు శుభ్రం చేసేటప్పుడు, తాటి మట్టలు కొట్టేటప్పుడు, ఎన్నాళ్లుగానో తెరవని మోటారు షెడ్డు తలుపు తీసినప్పుడు, పీచూ గడ్డీ గుడ్డపీలికలతో కట్టిన బంతి లాంటి గూడు ఒకటి ఊడి కింద పడుతుంది. అందులో రెండో మూడో ఉడుత పిల్లలు. వేలెడంత ఉంటాయి, కళ్లు తెరవవు, సన్నగా కీచుమంటుంటాయి. ఈ పరిస్థితి ఎదురవని తోట రైతు ఉండడు.

అప్పుడు మనలో ఎక్కువమంది చేసే పని ఒకటే. అయ్యో పాపం అని ఇంటికి తెచ్చి, దూది ముంచి ఆవుపాలు నోట్లో పిండుతాం. తెల్లారేసరికి పిల్ల ఉండదు. "ఉడుత పిల్ల మనుషుల చేతిలో బతకదండీ" అనే మాట ఊళ్లలో అలా పుట్టిందే. నిజానికి బతుకుతుంది. మనం చేసే పనులు మంచివే, వాటి వరసే తప్పు. చల్లబడిపోయిన పిల్లకి పాలు పడితే ఆ పాలు అరగవు, కడుపులోనే పాడైపోతాయి. అందుకే ఈ వ్యాసం మొత్తంలో మీరు ఒక్క వరస గుర్తుపెట్టుకుంటే చాలు: ముందు వేడి, తర్వాత నీరు, ఆ తర్వాతే పాలు. అంతకంటే ముఖ్యమైనది, వీలుంటే మన పాలతో పని లేకుండా పిల్లని తల్లికే అప్పగించడం.

వీడియోలో చూపించింది కూడా ఈ క్రమమే. వీడియోలో వేగంగా వెళ్లిపోయిన కొలతలు, కారణాలు ఇక్కడ వివరంగా చూద్దాం.

ఉడుతని ఎందుకు కాపాడాలి?

ఈ ప్రశ్న అడిగే రైతుని తప్పు పట్టలేం. డ్రిప్ లేటరల్ పైపులు కొరికేది ఉడుతే. జామ, దానిమ్మ, సపోటా పండితే మనకంటే ముందు రుచి చూసేది అదే. కోకో కాయకి బెజ్జం పెట్టి లోపలి గుజ్జు తినేస్తుంది. నష్టం ఉంది, కాదనలేం.

రెండో వైపు కూడా చూడాలి కదా. ఉడుత గింజలు, పండ్లతో పాటు పురుగుల్నీ తింటుంది. మోదుగ, బూరుగు లాంటి చెట్ల పూలలో తేనె కోసం తిరుగుతూ ఒళ్లంతా పుప్పొడి మోస్తుంది. దాచుకుని మరచిపోయిన గింజలు మొలకెత్తుతాయి. పాములకి, డేగలకి, గుడ్లగూబలకి తోటలో ఆహారం ఉందంటే దాంట్లో ఉడుత వాటా కూడా ఉంది. విషం ఎర పెట్టకుండా, అన్ని జీవాల్నీ లెక్కలో వేసుకుని సాగు చేసేవాళ్లం మనం. ఎండాకాలం చెట్టు నీడన ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి పెడితే పైపులు కొరకడం చాలావరకు తగ్గుతుంది. ఎండల్లో అది పైపు దగ్గరికి వచ్చేది ఎక్కువగా దాహంతోనే.

సేతువు కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత కథ మనందరికీ తెలుసు. దాని వీపు మీది మూడు చారలు రాముడి వేళ్ల గుర్తులని చిన్నప్పుడు విన్నాం. మన తోటల్లో ఎక్కువగా కనిపించేది ఆ మూడు చారల ఉడుతే. ఐదు చారల ఉడుత ఉత్తర భారతంలో ఎక్కువ. పిల్లల్ని పెంచే పద్ధతి రెండింటికీ ఒకటే.

మొదటి అరగంట: వేడి

పిల్లని ఒట్టి చేత్తో కాకుండా మెత్తని నూలు గుడ్డతో పట్టుకోండి. ముందుగా ఒళ్లంతా ఒకసారి పరిశీలించండి.

చీమలు పట్టి ఉంటే ఒక్కొక్కటీ తీసేయండి. చెవుల్లో, చంకల్లో, తోక కింద దాక్కుంటాయి. బియ్యపు నూక లాంటి తెల్లని గింజలు ఒంటికి అంటుకుని ఉంటే అవి ఈగ గుడ్లు. ఒక్క రోజులోపే పురుగులవుతాయి కాబట్టి పట్టకారుతోనో తడి దూదితోనో అన్నీ తీసేయాలి. రక్తం కారుతున్నా, కాలు వేలాడుతున్నా, పిల్లి నోట్లోంచి విడిపించింది అయినా ఇంటి వైద్యం చాలదు. పిల్లి పంటి గాటు పైకి చిన్న చుక్కలా ఉంటుంది కానీ లోపల చీము పట్టి ప్రాణం తీస్తుంది. అదే రోజు పశువైద్యుడికి చూపించాలి.

మన దగ్గర ఉన్న వేపనూనె, నీమాస్త్రం, గోమూత్రం, పసుపు ముద్ద ఇవేవీ పిల్ల ఒంటికి పూయకండి. పంటకి పనికొచ్చేది పది గ్రాముల పసికూన చర్మానికి పనికిరాదు. పైగా అది ఒళ్లు నాక్కుంటుంది.

వెంట్రుకలు రాని పిల్లకి తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి ఉండదు. తల్లి పొట్టే దానికి పొయ్యి. ఆ పని ఇప్పుడు మనం చేయాలి. ఒక అట్టపెట్టెలో మెత్తని పాత నూలు బట్ట పరచండి. దారాలు ఊడే తువ్వాలు వద్దు, గోళ్లు, కాళ్లు చిక్కుకుంటాయి. చిన్న సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, బట్ట చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి. రెండో పక్క చల్లగానే ఉండాలి. వేడి ఎక్కువైతే పిల్ల తనంతట తాను పాక్కుంటూ పక్కకి జరగడానికి చోటు కావాలి. సీసా బదులు చిన్న గుడ్డ సంచిలో బియ్యం పోసి, పెనం మీద వెచ్చచేసి వాడుకోవచ్చు. మణికట్టు లోపలి వైపు ఆనిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. గూట్లో 32 నుంచి 35 డిగ్రీల వేడి ఉంటే వెంట్రుకలు రాని పిల్లకి సరిపోతుంది. రెండు గంటలకోసారి నీళ్లు మార్చాలి. కొందరు పెట్టె మీద బల్బు వేలాడదీస్తారు. ఇప్పుడు వచ్చే ఎల్‌ఈడీ బల్బులు వెలుతురే తప్ప పెద్దగా వేడి ఇవ్వవు. కరెంటు పోతే ఆ కాస్తా ఉండదు.

రోహిణి కార్తెలో మాత్రం వ్యవహారం వేరు. రేకుల షెడ్డు కింద గూడు ఉంటే వేడి తట్టుకోలేక పిల్లలే బయటికి పాకి కింద పడిపోతుంటాయి. అలాంటి పిల్లకి సీసా అక్కర్లేదు, నీడ కావాలి. గుర్తు ఏమిటంటే, చలిగా ఉన్న పిల్ల ముడుచుకుపోయి తాకితే చల్లగా ఉంటుంది. వేడెక్కిన పిల్ల కాళ్లు చాపి వెల్లకిలా పడి నోటితో ఊపిరి తీస్తుంది.

తల్లి దగ్గరికి చేర్చడం

పిల్ల వెచ్చబడి, గాయాలేవీ లేకపోతే మొదట చేయాల్సిన పని ఇదే. ఉడుతకి సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ గూళ్లు ఉంటాయి. ఒక గూడు చెడిపోతే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరచుకుని ఇంకో గూటికి మార్చేస్తుంది. దానికి మనం కాస్త సమయం ఇవ్వాలి, అంతే.

"మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టుకోదు" అంటారు. ఈ మాట నమ్మి పిల్లల్ని తెచ్చేసుకోకండి. తల్లికి కావలసింది పిల్ల అరుపు, పిల్ల వాసన. మన చెయ్యి తగిలినంత మాత్రాన వదిలేయదు.

గూడు ముక్కలు కాకుండా ఉంటే దాన్ని అలాగే ఒక చిన్న వెదురు బుట్టలో పెట్టండి. లేదంటే బుట్టలో కొబ్బరి పీచు, ఎండుగడ్డి వేసి పిల్లల్ని ఉంచండి. వెచ్చని బియ్యం మూట ఒకటి పక్కన పెట్టి, అదే చెట్టుకి, లేదా పక్క చెట్టుకి, మన తల ఎత్తున నీడలో కట్టండి. మూత పెట్టకూడదు. తర్వాత పనివాళ్లని, కుక్కని అక్కడి నుంచి తప్పించి, దూరంగా కూర్చుని కనిపెట్టండి. కాకులు, పిల్లి రాకుండా చూడాలి. మనం దగ్గరే తచ్చాడితే తల్లి దిగదు.

ఉడుత పగలు తిరిగే జంతువు. అందుకే పొద్దున దొరికితే సాయంత్రం దాకా ఆగవచ్చు. రెండు మూడు గంటలకోసారి మూట వెచ్చగా ఉందో లేదో చూడండి. పొద్దుగూకాక తల్లి రాదు. చీకటి పడ్డాక బుట్టని అక్కడే వదిలేస్తే పిల్లికో పాముకో అప్పగించినట్టే. ఇంటికి తెచ్చి వెచ్చగా ఉంచి, మర్నాడు తెల్లవారగానే మళ్లీ అక్కడే కట్టండి. రెండో రోజు కూడా రాకపోతే, లేదా తల్లి చచ్చిపడి కనిపించి ఉంటే, అప్పుడే అది అనాథ. పెంపకం మాట అప్పుడు ఆలోచిద్దాం.

వయసు గుర్తుపట్టడం

ఎన్నిసార్లు పట్టాలి, ఎంత పట్టాలి అన్నది వయసుని బట్టి ఉంటుంది. రోజుల్లో కాస్త తేడా ఉన్నా ఈ గుర్తులు పనికొస్తాయి.

- ఒళ్లంతా ఎర్రగా, వెంట్రుక లేకుండా, కళ్లూ చెవులూ మూసుకుని ఉంటే పుట్టి వారం లోపు.
- చర్మం మీద చారలు నల్లగా తేలి, నూగు వస్తుంటే ఒకటి నుంచి రెండు వారాలు.
- పొట్టి వెంట్రుకలు కమ్మి, కళ్లు విడుతుంటే సుమారు మూడు వారాలు.
- తోక కుచ్చులా విప్పారి, కూర్చుని ముందు కాళ్లతో పట్టుకుని కొరుకుతుంటే ఐదారు వారాలు.

బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటా ఒకటి ఉంటే మంచిది. రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. బరువు రోజురోజుకీ పెరగాలి. రెండు రోజులు వరసగా పెరగలేదంటే ఏదో తేడా ఉన్నట్టే.

నీరు

పిల్ల వెచ్చబడ్డాకే నోట్లో ఏదైనా పట్టాలి. వీపు మీది చర్మం మెల్లగా రెండు వేళ్లతో లేపి వదిలితే వెంటనే సర్దుకోవాలి. గుడారంలా అలాగే నిలబడితే ఒంట్లో నీరు ఇంకిపోయినట్టు. చాలాసేపు గూడు బయట ఉన్న పిల్లలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి.

మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గరో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చాలు. ప్యాకెట్ మీద రాసినట్టే, లీటరు ప్యాకెట్ అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం కలపండి. కొంచెం పొడి కొంచెం నీళ్లు అని కళ్లతో కొలిస్తే ఉప్పు ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చదునుగా కొలిచి కలుపుకోవచ్చు. తాగే తీపి పానీయాలు, ఒట్టి గ్లూకోజు పొడి వద్దు. గోరువెచ్చగా చేసి, గంటకోసారి కొన్ని చుక్కల చొప్పున మూడు నాలుగు సార్లు పట్టండి. ఈ నీళ్లు ఇముడుతున్నాయని తెలిశాకే పాల మాట.

పాలు: ఆవుపాలు ఎందుకు వద్దు?

దేశీ ఆవుపాలు అమృతమే. కానీ అవి దూడకి తయారైన పాలు. ఆవుపాలలో కొవ్వు నూటికి నాలుగు పాళ్లు, లాక్టోజ్ అనే పాల చక్కెర సుమారు ఐదు పాళ్లు ఉంటుంది. ఉడుత జాతి పాలు ఇందుకు తలకిందులు. కొవ్వు, మాంసకృత్తులు ఎన్నో రెట్లు ఎక్కువ, చక్కెర తక్కువ. అందుకే ఆవుపాలు పట్టిన పిల్లకి బలం చాలదు సరికదా, అరగని చక్కెరతో విరేచనాలు పట్టుకుంటాయి. పది గ్రాముల పిల్లకి ఒక్క రోజు విరేచనాలైతే చాలు, మిగలదు. గేదెపాలలో కొవ్వు ఎక్కువే అయినా చక్కెర సంగతి అంతే.

దగ్గర్లోని పట్టణంలో పెంపుడు జంతువుల దుకాణంలో కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి దొరుకుతుంది. పుట్టిన కుక్కపిల్లలకి తల్లిపాల బదులు పట్టేదే అడగండి. ఉడుత పిల్లలకి మనకి దొరికేవాటిలో ఇదే దగ్గరి పాలు. ఒక కొలత పొడికి రెండు కొలతల వెచ్చని నీళ్లు. అది తెచ్చేదాకా ఓఆర్‌ఎస్ మీద అర రోజు నెట్టవచ్చు. ఇంకా ఆలస్యమైతే మాత్రం కాచిన మేకపాలు సగానికి సగం నీళ్లు కలిపి ఒక పూట పట్టండి. దాన్నే అలవాటు చేయకండి.

పాలు కూడా ఒక్కసారిగా చిక్కగా పట్టకూడదు. మొదటి రోజు నాలుగు వంతుల ఓఆర్‌ఎస్‌కి ఒక వంతు పాలు. రెండో రోజు సగం సగం. మూడో రోజు మూడు వంతుల పాలకి ఒక వంతు ఓఆర్‌ఎస్. నాలుగో రోజు నుంచి పూర్తి పాలు. కలిపిన పాలు ఒక రోజుకి మించి దాచవద్దు. ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకి ఆ పూట కలుపుకోవడమే.

ఎంత, ఎలా పట్టాలి?

ఒక్కో తడవకి పిల్ల బరువులో నూటికి ఐదు వంతులు. అంటే 10 గ్రాముల పిల్లకి అర మి.లీ., 20 గ్రాముల పిల్లకి 1 మి.లీ., 40 గ్రాముల పిల్లకి 2 మి.లీ. ఆకలిగా నోరు చాపుతోందని ఎక్కువ పడితే పొట్ట ఉబ్బుతుంది.

వెంట్రుకలు రాని పిల్లకి పగలు రెండు గంటలకోసారి, రాత్రి మూడు నాలుగు గంటలకోసారి పట్టాలి. నూగు వచ్చాక మూడు గంటలకి, కళ్లు తెరిచాక నాలుగు గంటలకి ఒకసారి చాలు. అప్పటి నుంచి రాత్రి పూట కూడా మనం నిద్రపోవచ్చు. ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకుంటే తప్ప మొదటి రెండు వారాలు కష్టమే. ఇది ముందే చెప్పడం మంచిది.

దూది, ఇంకు ఫిల్లరు, చెంచా వద్దు. మందుల షాపులో 1 మి.లీ. సిరంజి తీసుకుని సూది తీసేయండి. దాని మూతికి సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క అర అంగుళం తొడిగి, ఊడి పిల్ల గొంతులోకి పోకుండా దారంతో బిగించి కట్టండి. చక్కని పాలపీక తయారు. ప్రతిసారీ వేడినీళ్లలో కడగాలి.

పట్టే తీరు అన్నిటికంటే ముఖ్యం. పసిబిడ్డని ఒళ్లో పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టకూడదు. బోర్లా ఉంచి, తల కొంచెం పైకి ఎత్తి పట్టాలి. చుక్క నోటి అంచున పెడితే అదే చప్పరిస్తుంది. పిస్టన్‌ని మనం నొక్కకూడదు, అది తాగే వేగానికి వదలాలి. ముక్కులోంచి పాలు బుడగలా వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి, ముక్కు తుడవండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. ఊపిరి తీస్తుంటే చిటపటమన్న చప్పుడు వినిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

చాలామందికి తెలియని పని

కళ్లు తెరవని పిల్ల తనంతట తాను మూత్రం, పెంటిక వేయలేదు. తల్లి నాకితేనే వస్తుంది. ఈ సంగతి తెలియక, పాలన్నీ సరిగ్గా పట్టి కూడా పిల్లల్ని పోగొట్టుకుంటారు. ప్రతి తడవా పాలకి ముందూ తర్వాతా దూదిని గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండి, తోక కింద మెల్లగా తడుతూ తుడవండి. అర నిమిషంలో మూత్రం వస్తుంది. మూత్రం లేత పసుపుగా ఉండాలి. ముదురు రంగులో ఉంటే నీరు చాలలేదని అర్థం. కళ్లు తెరిచి, గుడ్డ మీద తడి తానే చేయడం మొదలుపెట్టే దాకా ఇది మానకూడదు.

పెంటిక పలచబడితే పాలు ఆపి, ఒక పూట ఓఆర్‌ఎస్ మాత్రమే పట్టి, మళ్లీ పలచని పాలతో మొదలుపెట్టండి. పొట్ట ఉబ్బితే గోరువెచ్చని నీళ్లలో పొట్ట దాకా ఉంచి మెల్లగా నిమరండి. తగ్గకపోతే డాక్టరే. మనుషుల మాత్రలు ముక్కలు చేసి వేయడం ప్రమాదం.

పెట్టె కాళ్ల పీట మీద పెట్టి, కాళ్ల కింద నీళ్ల పళ్లేలు ఉంచితే చీమలు ఎక్కవు. చీమల చాక్‌పీసు గీతలు మాత్రం దగ్గర గీయకండి, అది పురుగుమందే.

మేత అలవాటు చేయడం

నెల దాటాక పాలతో పాటు మెత్తని తిండి చూపించవచ్చు. బాగా పండిన జామ, సపోటా, మేడిపండు ముక్కలు, మొలకెత్తిన పెసలు, లేత మొక్కజొన్న గింజలు, మునగాకు. పలచని మూతలో నీళ్లు పెట్టండి.

ఉడుత అనగానే వేరుశనగ గుర్తొస్తుంది. అది ఇష్టంగా తింటుంది, అదే చిక్కు. వేరుశనగలో, పొద్దుతిరుగుడు గింజల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. వాటి మీదే పెరిగిన పిల్లకి ఎముకలు మెత్తబడి, వెనక కాళ్లు పడిపోతాయి. చెట్టెక్కలేని ఉడుతకి బతుకు లేదు. పైగా బూజు పట్టిన పప్పులో విషం ఉంటుంది. రోజుకి ఒక పప్పు ముక్క చాలు. కాల్షియం కోసం మన రాగులే ఉన్నాయి. నానబెట్టిన రాగులు, మునగాకు రోజూ ఇవ్వండి. పొద్దుటి ఎండ కాసేపు తగలాలి, పక్కనే నీడ కూడా ఉండాలి. అన్నం, బిస్కెట్లు, బెల్లం, చాక్లెట్లు వద్దు. పళ్లు అరగడానికి వేప, చింత పుల్లలు బెరడుతో సహా వేయండి.

చేతికి మరిగితే చెట్టుకి దూరం

కళ్లు తెరిచాక పిల్ల భుజం మీద ఎక్కుతుంది, జేబులో దూరుతుంది. చూడముచ్చటగానే ఉంటుంది. పిల్లలు వీడియోలు తీస్తారు. కానీ మనిషిని చూసి పారిపోని ఉడుత పిల్లిని చూసి కూడా ఆలస్యంగానే పారిపోతుంది. అందుకే కళ్లు తెరిచిన దగ్గర నుంచి పాలు పట్టే వేళ తప్ప ముట్టుకోకండి. రెండు మూడు పిల్లలుంటే కలిపే పెంచండి. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి.

ఐదారు వారాలకి అర అంగుళం ఇనుప మెష్ కొట్టిన పెద్ద పంజరంలోకి మార్చండి. లోపల నిలువు కొమ్మలు, ఖాళీ కొబ్బరి బోండంలో పీచు కుక్కిన గూడు ఉండాలి. ఎనిమిది నుంచి పది వారాలకి పాలు మానేస్తాయి. ఆ తర్వాత వారం రోజులు పంజరాన్ని తోటలోనే చెట్టుకి ఎత్తుగా కట్టి, అక్కడి చప్పుళ్లు, మిగతా ఉడుతల అరుపులు అలవాటు కానివ్వండి. వాన లేని రోజు చూసి, పొద్దున్నే తలుపు తీసి వదిలేయండి. బయటికి తోలకండి. కొన్నాళ్లు రాత్రికి తిరిగి వచ్చి అందులోనే పడుకుంటాయి. రెండు వారాలు కొంచెం మేత, నీళ్లు అక్కడే పెడుతూ తగ్గించుకుంటూ రండి. ఒక రోజు రావడం మానేస్తాయి. మన పని పూర్తయిందనడానికి గుర్తు అదే.

చట్టం, జాగ్రత్త

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అడవి జంతువులని ఇంట్లో పెంచుకోవడం, అమ్మడం కుదరదు. మనం చేసేది పెంపకం కాదు, ప్రాణం నిలబెట్టి మళ్లీ చెట్టుకి వదలడం. పిల్ల దొరికిన వెంటనే మీ పరిధిలోని అటవీ శాఖ సిబ్బందికి చెప్పండి. వాళ్లు తీసుకుంటామంటే ఇచ్చేయండి.

తూర్పు కనుమల అంచున ఉన్న రైతులకి ఇంకో మాట. అక్కడి అడవుల్లో పెద్ద ఎగిరే ఉడుత ఉంటుంది. ముందు కాలికీ వెనక కాలికీ మధ్య చర్మం పరదాలా సాగి, చెట్టు నుంచి చెట్టుకి తేలుతూ పోతుంది. తొర్ర ఉన్న పాత చెట్టు కూలినప్పుడు దాని పిల్ల దొరకవచ్చు. సాధారణంగా ఒక్కటే పిల్ల. దీనికి పైన చెప్పిన వేడి సూత్రం ఒక్కటే వర్తిస్తుంది. తల్లికి చేర్చే వేళ మాత్రం తలకిందులు: అది రాత్రి తిరిగే జంతువు, పగలు ఎంత ఎదురుచూసినా తల్లి రాదు. వెచ్చగా, చీకటిగా పెట్టెలో ఉంచి అటవీ శాఖకి కబురు పెట్టండి. మీరు పెంచే ప్రయత్నం చేయవద్దు.

పిల్ల కరిచినా, గీరినా ఆ చోటుని సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. ఉడుతల వల్ల రేబిస్ రావడం చాలా అరుదే. అయినా ఆ నిర్ణయం డాక్టరుకి వదలాలి.

అసలు గూడు పడకుండా

ఇంత శ్రమ పడేకన్నా గూడు కదపకుండా ఉండటమే సులువు. కొమ్మలు కత్తిరించే ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. కొబ్బరి దింపు కార్మికుడికి, తాడి ఎక్కే గీత కార్మికుడికి ముందే చెప్పండి: "గూడు కనిపిస్తే ఆ మట్ట వదిలెయ్ అన్నా" అని. పీచు, దూది మోసుకెళ్తున్న ఉడుత కనిపిస్తే ఆ చెట్టుకి ఒక రిబ్బను కట్టి, రెండు మూడు నెలలు ఆ కొమ్మ జోలికి పోకండి. స్టార్టరు పెట్టె, మోటారు షెడ్డు సందులు మెష్‌తో మూసేయండి. మూసేముందు లోపల పిల్లలు లేవని చూసుకోండి.

పది ఎకరాల తోటలో ఒక్క మట్ట వదిలేస్తే మనకి పోయేదేమీ లేదు. ఆ మట్ట మీద ఒక కుటుంబం నిలబడుతుంది. మనది ఉడుతా భక్తి సాయమే, కానీ ఈసారి సాయం అందుకునేది ఉడుత. ఈ వివరాలు మీ ఊళ్లో కొమ్మలు కొట్టేవాళ్లకి, చెట్లెక్కేవాళ్లకి, బడి పిల్లలకి చెప్పండి. పాలసీసా కంటే ముందు వేడినీళ్ల సీసా గుర్తొస్తే చాలు, సగం పిల్లలు బతుకుతాయి.